గుల్లపాలెం రెండో వినికిడి

మాఘ శుద్ధ పంచమి

పడవ ఎక్కేసరికే ఎండ మాడు పగలగొడుతోంది. మాఘమాసంలో ఇదేం ఎండ అంటే నవ్వుతారు గానీ, ఒకప్పుడు ఈ నెలలో దుప్పటి కప్పుకునేవాళ్లట. మా అమ్మ చెప్పేది. నేనైతే దుప్పటిని పడవలో కూర్చోడానికి పరుచుకోవడమే ఎరుగుదును.

నా సామాను మూడే. మంచినీళ్ల డబ్బా, చద్దన్నం గిన్నె, చెవి. ఆఫీసు కాగితాల్లో దానికి బారెడు పేరుంది, తీరంలో అందరూ దాన్ని చెవి అనే అంటారు. మనిషి గొంతు విని లెక్కగట్టే యంత్రం, చూడ్డానికి చెంబంత ఉంటుంది. మోస్తే గానీ బరువు తెలీదు.

తీరం నాలుగో విభాగానికి నేను తూనికదారుని. ప్రతి ఉగాదికీ కొండమీది ఆఫీసు 'వరస' ప్రకటిస్తుంది. ఏ ఊరి పరిశ్రమలో పెట్టుబడి పెడితే ఎంత తిరిగొస్తుంది, ఎన్నాళ్లకు తిరిగొస్తుంది అని లెక్కగట్టి పైనుంచి కిందికి పేర్చేదే వరస. పైనున్న ఊళ్లకు పూర్తి ధార, అంటే కరెంటూ మంచినీళ్లూ రెండూ. మధ్యలో వాటికి సగం. గీత కింద పడితే మూత. మూతపడ్డ ఊరిని పడవలెక్కించి కొండ వెనక రేకుల షెడ్లకు తోలేస్తారు. నిరుడు తాళ్లు పేనే ఊరు ఒకటి అలా వెళ్లింది. షెడ్లలో వాళ్ల చేతులకు పని లేదు. నన్ను చూస్తే మొహం తిప్పుకుంటారు, తిప్పుకోరూ మరి.

పూర్వం ఉగాదికి పంచాంగంలో తమ తమ ఆదాయవ్యయాలు వినేవాళ్లట. ఇప్పుడూ వినేది అవే, కాకపోతే మనిషి రాశి పోయి ఊరి పేరు వచ్చింది.

ఈ ఏడు నాకు గుల్లపాలెం పడింది. మా వదిన పైడమ్మ ఊరు. సొంతవాళ్ల ఊరు తూయకూడదని నియమం ఉందండీ అని మా పైఅధికారి నరహరి గారితో అన్నాను.

"మనుషులెక్కడున్నారు రత్నం గారూ? అయినా తూచేది మీరా? చెవి కదా," అన్నారాయన.

నిజమే, నేను మోతకూలీని. ఈ దినచర్య రాయమన్నది కూడా ఆఫీసే. చేతిరాత చదవడం ఆఫీసు యంత్రాలకి రాదు, మనుషులకి తీరదు. అంచేత నా కడుపులో మంట దీంట్లో పోసుకుంటాను.

మాఘ శుద్ధ షష్ఠి

గుల్లపాలెంలో సముద్రం రెండు వీధులు మింగింది. మిగిలింది మెరక మీది వీధి, దాని చివర ఏడు సున్నపు బట్టీలు. సముద్రపు గుల్లలు ఏరి, కడిగి, బట్టీలో కాల్చి, మంచినీళ్లు చిలకరిస్తే గుల్ల బుస్సుమని విచ్చి తెల్లటి పిండైపోతుంది. ఉప్పునీళ్లు తగిలితే ఆ సున్నం దేనికీ కొరగాదు. అందుకే వాళ్ల ప్రాణమంతా ఆ మంచినీటి గొట్టంలో ఉంది.

రేవులోనే ఎదురొచ్చింది వదిన. నెత్తి నుంచి పాదాల దాకా సున్నమే.

"ఒలే రత్నం, కొండమీద కూడెడతన్నారా నేదా? ఎండి కట్టెపుల్లైపోనావు గదే."

"నువ్వు మాత్రం వెల్లవేసిన గోడలా ఉన్నావు వదినా. నీ మొహం మీద బొగ్గుతో లెక్కలు రాసుకోవచ్చు."

"రాసుకో. నెక్కలు సెయ్యడానికే గదా ఒచ్చినావు, ఒదిన్ని సూడ్డానికొచ్చినావా?" అని నా చేతిలో డబ్బా లాక్కుని ముందు నడిచింది. మా అన్న పోయాక బట్టీలన్నిటికీ పెద్ద ఆవిడే. ఆవిడ నోరు ఆగడం నేనెప్పుడూ చూడలేదు. గుల్ల ఏరేటప్పుడు మాట్లాడుతుంది, బట్టీ కూరేటప్పుడు మాట్లాడుతుంది, నిద్దట్లోనూ ఎవరినో ఒకరిని కేకలేస్తూనే ఉంటుంది.

ఈ ఏడు వాళ్ల బట్టీలు ఆరింది లేదు. సముద్రం మీద తేలే ఊళ్లు మూడు కొత్తగా లేచాయి, వాటి అడుగులకు గుల్లసున్నం పూయకపోతే ఉప్పు తినేస్తుంది. వచ్చే దీపావళి దాకా సరుకు కావాలని ముందే చెప్పుకున్నారు. ఇన్నేళ్ల తూనికలో ఇంత బాగున్న పరిశ్రమ నేను చూడలేదు. పూర్తి ధార ఖాయం అనుకుని వదిన వండిన ఎండు రొయ్యల పులుసు రెండుసార్లు పోయించుకున్నాను.

భోజనం అయ్యాక చెప్పాను. "వదినా, చెవి నిన్ను ఒక్కటే ప్రశ్న అడుగుతుంది. పరిశ్రమ ఎలా ఉంది అంటుంది. బాగుంది అని చెప్పు. అంతే."

ఈ ప్రశ్న ఎందుకంటే, పూర్వం మాలాంటి తూనికదారులు లంచాలు మరిగి తోచిన అంకెలు వేసేవాళ్లట. దాంతో యజమాని సొంత గొంతే వినాలని నిర్ణయించారు. గొంతు విని చెవి ధీమా ఎంతో పోల్చుకుంటుంది. ధీమా ఉందంటే వచ్చే ఏడు రాబోయే వంద రూపాయలు ఇవాళ తొంభై కింద లెక్క. లేదంటే అవే వంద ఇవాళ అరవై. మిగతా లెక్కంతా ఆ అంకె చుట్టూ తిరుగుతుంది.

"అలాగేలే," అంది వదిన, చేతులు చీరకి తుడుచుకుంటూ.

చెవిని బల్ల మీద పెట్టాను. మీ పరిశ్రమ ఎలా ఉంది అని అడిగింది. వదిన పమిట సర్దుకుంది. పెళ్లివారితో మాట్లాడుతున్నట్టు చిరునవ్వు నవ్వింది.

"ఏటుంది నాయినా. ఏదో, అలాగలాగ గడిసిపోతంది. నూకాలమ్మ దయ."

గొంతులో ఒక్క వణుకు లేదు. చెవి పచ్చగా వెలిగింది. ఆ మాట నిజమని నమ్మేసింది.

నెత్తి బాదుకున్నాను. ఈ తీరంలో పుట్టినవాళ్లెవరైనా ఇంకేమంటారు? మూడు పడవల చేప దింపుకుంటున్నవాడు కూడా ఏదో ఉన్నాం బాబూ అంటాడు. ఆ మాటకి బాగుందని అర్థమని పసిపిల్లలకీ తెలుసు. చెవిని చేసినవాళ్లెవరో గానీ, పలకరిస్తే చాలు ఛాతీ విరుచుకుని గొప్పలు చెప్పుకునే ఊళ్లో పుట్టి ఉంటారు.

"ఏం చేశావో తెలుస్తోందా నీకు?" అని అరిచాను.

"నానేటన్నాను? మరియాదగానే సెప్పినాను గదా," అంది వదిన, తెల్లబోయి. తెల్లబోడానికి ఆ మొహంలో ఇంకా చోటుందా అనిపించింది, నవ్వొచ్చింది కూడా. ఆ నవ్వుకి ఇప్పుడు చెంప పగలగొట్టుకోవాలనిపిస్తోంది.

మాఘ బహుళ విదియ

ముందస్తు ఫలితం వచ్చింది. సగం ధార.

"సగమైతే సగం. సర్దుకుంటాం," అంది వదిన.

బట్టీల దగ్గర పెద్ద మేస్త్రీ సన్యాసప్ప అక్కడే కూర్చుని ఉన్నాడు. మెల్లగా అన్నాడు. "ఎలాగ సర్దుకుంటావమ్మా? సగం నీల్లతో మూడు బట్టీలు నడిస్తే గొప్ప. ముప్పై కొంపలు షెడ్లకెల్లిపోవాల. ఎవులెల్లాలో బట్టీల పెద్దే పేర్లివ్వాలంట. సెప్పు, ఎవుల్ని ఎల్లమంటావు?"

వదిన లేచి బయటికి వెళ్లింది. సాయంత్రం దాకా వీధిలో అటూ ఇటూ తిరిగింది. ప్రతి గుమ్మం ముందూ ఆగింది. ఎవరి పేరూ చెప్పలేక అన్నం ముట్టకుండా పడుకుంది.

నరహరి గారికి ఫోన్ చేశాను.

"రెండో వినికిడి అడగొచ్చు," అన్నారు. "ఒక్కసారే. కానీ జాగ్రత్త. అబద్ధమని తేలితే అనృతం ముద్ర పడుతుంది. ఇంక తూనిక ఉండదు. నేరుగా మూత."

"అబద్ధం ఎందుకవుతుందండీ? ఏడు బట్టీలూ మండుతుంటే నా కళ్లతో చూశాను. చెప్పబోయేది నిజమే కదా."

"అయితే ఇంక భయమేముంది?"

మాట ముగిస్తూ మర్యాదకి, ఎలా ఉన్నారండీ అని అడిగాను. "ఏదో, ఇలా ఉన్నామమ్మా," అన్నారు. ఆయనకు కిందటి వారమే పదోన్నతి వచ్చింది. ఆయన అన్న మాట ఆయనకి వినపడలేదు.

మాఘ బహుళ సప్తమి

వదిన ఒప్పుకోవడం లేదు. పొద్దుటి నుంచి వెనకాలే తిరుగుతున్నాను. గుల్ల కడుగుతుంటే పక్కన కూర్చున్నాను, తట్ట ఎత్తుతుంటే ఓ చెయ్యేశాను. చివరికి తట్ట దించి నా ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"మీ అన్న సంగతి నీకు సగమే ఎరిక. ఆ యేడు గుల్ల ఇరగబడి దొరికింది. నడివీదిలో, పదిమందిలో నిలబడి, ఈ యేడు మనకి తిరుగు నేదే పైడీ అన్నాడు. అనొద్దురా దేవుడా అని నాను నోరు ముయ్యబోతే నవ్వినాడు. వారం తిరక్కుండా తుపానొచ్చింది. పడవ దొరికింది. మనిసి దొరకనేదు."

"తుఫాను నోటిమాటకి రాదు వదినా."

"నీకు సదువుంది, నీకు బయం నేదు. నాకు నా నోరంటే బయం. ఇంకేటైనా సెయ్యమను, సేస్తాను. ఆ మాట మాత్రం నోటితో అననేను."

అన్న పోయినప్పుడు నేనూ ఏడ్చాను గానీ, ఈ మాట అప్పుడు ఎవరూ చెప్పలేదు. అక్కడితో ఊరుకుని ఉండాల్సింది. ఊరుకోలేదు. నాకు పట్టుదల. ఇంత బాగున్న ఊరికి సగం ధారేమిటన్న ఉక్రోషం. "ముప్పై ఇళ్లు వదినా. పేర్లు నువ్వే ఇవ్వాలి. ఏది కష్టం, ఒక్క మాటా, ముప్పై పేర్లా?" అన్నాను.

లేచి తట్ట మళ్లీ ఎత్తుకుంది.

"అంటాను," అంది.

ఫాల్గుణ శుద్ధ ఏకాదశి

రెండో వినికిడి ఇవాళ. ఊరు ఊరంతా బట్టీల దగ్గర చేరింది. అంత పెద్దమాట అనబోతున్న మనిషిని ఉత్తినే వదులుతారా? సన్యాసప్ప భార్య పళ్లెంలో పసుపునీళ్లు తెచ్చి, వాళ్ల బట్టీ సున్నమే చిటికెడు వేసింది. నీళ్లు ఎర్రబడ్డాయి. వదిన చుట్టూ మూడుసార్లు తిప్పి మూడుదారుల్లో పారబోసి వచ్చింది. తర్వాత ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి నిప్పుల్లో వేశారు. ఘాటు రాలేదు. అన్ని మిరపకాయలు కాలితే ఒక్కరూ దగ్గలేదు. ఆడవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వదిన అదీ చూసింది.

నేను కసురుకున్నాను. "మిరపకాయలు మెత్తబడి ఉంటాయి. ఈ గాలికి ఏది మెత్తబడదు?"

చెవిని బల్ల మీద పెట్టాను. ప్రశ్న అడిగింది.

వదిన నా మణికట్టు పట్టుకుంది. గోళ్లు దిగబడుతున్నాయి. చెవి వైపు చూడలేదు, సముద్రం వైపు చూస్తోంది. పెదాలు ఎండిపోయాయి. అన్ని గుమ్మాలవాళ్లూ దగ్గరికి జరిగారు.

"బాగుంది," అంది. గొంతు పీలగా, వేరే మనిషి గొంతులా ఉంది. "శానా... శానా బాగుంది. ఏడు బట్టీలూ మండతన్నాయి. ఒచ్చే యేడు ఇంకా బాగుంటది. మాకు... ఏ లోటూ నేదు."

అక్కడే కూలబడింది. నేను గట్టిగా పట్టుకున్నాను. "అయిపోయింది వదినా, అయిపోయింది. గెలిచావు," అన్నాను. నాకు నిజంగానే గెలిచినట్టే ఉంది. సన్యాసప్ప చప్పట్లు కొట్టాడు కూడా.

చెవి ఎర్రగా వెలిగింది. ఇన్నేళ్లలో దానికి ఆ రంగు ఉందని కూడా నాకు తెలీదు.

ఫాల్గుణ శుద్ధ ద్వాదశి

కొండమీదికి వచ్చాను. నరహరి గారి ఎదురుగా నిలబడ్డాను. కూర్చోమన్నారు, కూర్చోలేదు.

"గొంతు వణికింది. గుండె పరుగెత్తింది. మాటమాటకీ ఊపిరి ఆగింది," అన్నారు, చూసి చదువుతూ. "మూడూ అబద్ధానికి గుర్తులే రత్నం గారూ."

"అవి భయానికి గుర్తులండీ. పైకి అంటే దిష్టి తగులుతుందన్న భయం. మీకు తెలీదూ? మీ ఇంట్లో దిష్టి తియ్యరూ?"

ఆయన తల దించుకున్నారు. "తీస్తాం. మొన్న మా మనవడికీ తీయించాం."

"మరి?"

"మరి ఆ మాట ఏ గడిలో రాయమంటారమ్మా? రాబడికో గడి ఉంది, కాలానికో గడి ఉంది, వడ్డీకో గడి ఉంది. దిష్టికి లేదు."

ఆ మనిషి చెడ్డవాడైతే నాలుగు తిట్టి తేలికపడేదాన్ని. చెడ్డవాడు కాదు. మంచినీళ్లు తెప్పించి ఇచ్చారు. తాగాను. తాగి, ఏం చెయ్యాలో తోచక, ఆయన ముందే ఏడ్చాను.

మొదటిసారి చక్కగా అబద్ధం చెబితే చెవి నమ్మింది. రెండోసారి ప్రాణం చిక్కబట్టుకుని నిజం చెబితే అబద్ధమంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట. మందు వేసింది నేను. సగం ధార ఉన్నప్పుడు ముప్పై పోయినా మిగతా ఇళ్లు నిలిచేవి.

చైత్ర శుద్ధ పాడ్యమి

ఉగాది. వరస చదివారు, గుల్లపాలెంలోనే విన్నాను. గుల్లపాలెం పేరు గీత పైన లేదు, గీత కింద కూడా లేదు. అనృతం పడ్డ ఊరి పేరు అసలు చదవరట.

మధ్యాహ్నానికి గొట్టంలో నీళ్లు ఆగాయి. కాసేపటికి బట్టీలకు గాలి కొట్టే పంకాలు ఆగాయి. లోపల గుల్ల సగమే కాలింది. సగం కాలిన గుల్ల సున్నమూ కాదు, గుల్లా కాదు. తేలే ఊరి నుంచి సరుకు కోసం పడవ వచ్చింది. విషయం విని, అయ్యో అని, వెళ్లిపోయింది. వాళ్లకీ పని జరగాలి కదా, ఉత్తరాన ఏదో ఊళ్లో సిమెంటు దొరుకుతుందట.

నన్ను ఎవరైనా కొడతారనుకున్నాను. కొడితే బాగుండు అనుకున్నాను. నన్ను పన్నెత్తి ఒక్కరూ ఒక్క మాట అనలేదు. సామాను మూటలు కడుతూ కడుతూ సన్యాసప్ప భార్య వదిన వైపు తిరిగి, కోపంగా కూడా కాదు, అమాయకంగా అడిగింది.

"ఎందుకన్నావమ్మా ఆ మాట? మిరపకాయలైనా సెప్పినాయి గదా."

వదిన తల ఊపింది. అవునన్నట్టు.

"ఆవిడ నోటి వల్ల కాదు!" అని నేను అరిచాను. "చెవి వల్ల. ఆఫీసు వల్ల. నా వల్ల. రెండోసారి అడిగింది నేను. వినండి, లెక్క చెబుతాను, వచ్చే ఏడు వందని ఇవాళ ఎంత కింద..."

మూటలు ఎత్తుకుని రేవుకి నడుస్తున్నారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది నా లెక్క. పైడమ్మ బాగుందని పైకి అంది, నెల తిరక్కుండా ఊరు పోయింది. కళ్లముందు జరిగింది అదే. దాన్ని కాదనడానికి నా దగ్గర ఉన్నది వడ్డీ లెక్క ఒక్కటే.

చైత్ర బహుళ దశమి

ఇవాళ సెలవు పెట్టి షెడ్లకి వెళ్లాను. బియ్యం, చింతపండు, ఎండు రొయ్యలు పట్టుకెళ్లాను. పదమూడో నంబరు షెడ్డులో గుల్లపాలెం వాళ్లను సర్దారు. రేకుల కింద ఎండ నిప్పులు చెరుగుతోంది. మగవాళ్లు గోడలకి ఆనుకుని కూర్చున్నారు. ఆడవాళ్లు నీళ్ల వరసలో ఉన్నారు. వదిన ఒక్కతీ వరస చివర, అందరికీ నాలుగు బారల దూరంలో నిలబడి ఉంది. ఎవరూ నిలబడమనలేదట. తనంతట తనే దూరంగా ఉంటోందట.

"వచ్చిన కాణ్ణుంచి మాట్టాడ్డం నేదు," అన్నాడు సన్యాసప్ప. "ఎవులడిగినా సేత్తోనే సెప్తంది. గొంతు పోనాదేమోనని డాక్టరుకి సూపించినాం. గొంతుకేటీ అవనేదంట."

పక్కన కూర్చున్నాను. రొయ్యల పొట్లం విప్పి చూపించాను. తల ఊపింది. నా జుట్టు సరిగ్గా లేదని వేళ్లతో సర్దింది. ఎండి కట్టెపుల్లైపోయావని తిడుతుందేమోనని మొహంలోకి చూశాను. తిట్టలేదు. అన్ని మాటలు మాట్లాడే మనిషి, అన్నిటికీ తాళం పెట్టేసుకుంది. ఒక్క మాటకి ఊరు పోతే, రెండో మాటకి ఏం పోతుందోనని కాబోలు.

నాకు దుఃఖం ఆగలేదు. ఆ దుఃఖంలో రోషమూ వచ్చింది.

"వదినా, నేను ఊరుకోను. ఈ ఉద్యోగం పోతే పోనీ. చెవి విన్నది తప్పని పైదాకా వెళ్లి చెబుతాను. వచ్చే ఏడు మళ్లీ తూయిస్తాను. ఏడు బట్టీలూ వెలిగిస్తాం, చూస్తూ ఉండు. తప్పకుండా మనకి మంచి..."

మాట పూర్తి కాలేదు. వదిన ఒక్క ఉదుటున ముందుకొచ్చి నా నోరు మూసేసింది. సున్నం తినేసిన అరచెయ్యి, పగుళ్లతో గరుకుగా పెదాలకి ఒరుసుకుంది. నీళ్ల వరసలో ఆడవాళ్లు తిరిగి చూస్తున్నారు. నేను తల విదిలించబోతే రెండో చేత్తో నా తల వెనక పట్టుకుంది. ఆవిడ కళ్లలో నా మీద కోపం వెతికాను. లేదు. ఉన్నదంతా భయమే, అదీ నా కోసం.

చాలాసేపు ఆ చెయ్యి తియ్యలేదు. నేనూ తియ్యమనలేదు.